ఇంట్లో ఇంగ్లిష్ వీల్: చట్రం ఎంత వంగొచ్చు, చక్రం ఎంత గుండ్రంగా ఉండాలి

రేకును పెట్టెలా మడవాలంటే బెండింగ్ మెషిన్ చాలు. గొట్టంలా చుట్టాలంటే మూడు రోలర్లు చాలు. బుల్లెట్ బండి మడ్‌గార్డ్ లాగా, అంబాసిడర్ కారు బానెట్ లాగా ఒకేసారి రెండు దిక్కుల్లో వంపు తిరగాలంటే మాత్రం ఈ రెండూ పనికిరావు. కాగితాన్ని గొట్టంగా చుట్టవచ్చు గానీ ముడతలు లేకుండా బంతికి అంటించలేం. రేకు సంగతీ అంతే. నడుమ భాగం అంచుల కంటే ఎక్కువ సాగితేనే పొంగు వస్తుంది. కంచరి సుత్తి చేసేది ఆ పనే. బిందె అడుగున పడే ఒక్కో దెబ్బ ఆ చోట లోహాన్ని కొద్దిగా పలచన చేసి పక్కలకు తోస్తుంది. పెంబర్తి ఇత్తడి పనివాళ్ల చేతిలో ఉన్నది కూడా ఈ విద్యే.

ఇంగ్లిష్ వీల్‌లో సుత్తి దెబ్బల స్థానంలో రెండు చక్రాలు ఉంటాయి. పైన పెద్ద చదును చక్రం, కింద గుబ్బగా ఉండే చిన్న చక్రం, వాటి మధ్య నొక్కుడు పడుతూ ముందుకూ వెనక్కూ నడిచే రేకు. మోటారు అక్కర్లేదు, తోసేది చేతులే. బ్రిటన్‌లో దీన్ని వీలింగ్ మెషిన్ అంటారు. అక్కడి కారు బాడీల షాపుల్లో, విమానాల రేకు పనిలో పెరిగిన యంత్రం కాబట్టి బయటి దేశాల్లో ఇంగ్లిష్ అనే పేరు స్థిరపడింది. పాత యంత్రాల చట్రాలు పోత ఇనుముతో చేసేవారు. ఇంట్లో చేసుకునేవాళ్లు చదరపు గొట్టాలను వెల్డ్ చేసి అదే ఆకారం తెస్తారు.

ముందుగా ఒక లెక్క చూస్తే ఈ యంత్రం నుంచి ఎంత ఆశించాలో తెలుస్తుంది. 600 మి.మీ. వెడల్పు రేకుకు నడుమ 20 మి.మీ. పొంగు రావాలంటే ఆ వంపు పొడవు దాదాపు 601.8 మి.మీ. ఉండాలి. అంటే సాగాల్సింది 2 మి.మీ. కూడా లేదు, 0.3 శాతం. 50 మి.మీ. పొంగుకైనా సాగుదల 11 మి.మీ., రెండు శాతం లోపే. కాబట్టి ఈ యంత్రానికి ప్రెస్సులా టన్నుల బలం అక్కర్లేదు. తక్కువ నొక్కుడును వందల సార్లు, ప్రతిసారీ ఒకేలా ఇవ్వగలిగితే చాలు. ఆ ఒకేలా అన్నదే కష్టం. ఇంట్లో చేసిన యంత్రాల్లో సగం చెడిపోయేది అక్కడే.

చట్రం: నోరు ఎంత తెరుచుకుంటుంది

చట్రం ఇంగ్లిష్ సి అక్షరం ఆకారంలో ఉంటుంది. పై చేయి, కింది చేయి, వెనక గుంజ. చక్రాలు నొక్కుకున్నప్పుడు ఈ సి నోరు తెరుచుకుంటుంది. ఎంత తెరుచుకుంటుందో ఊహించాల్సిన పని లేదు, లెక్క కట్టవచ్చు. చేతుల వంపు గొంతు లోతు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. గుంజ వంపు వల్ల వచ్చే తెరుపు గొంతు లోతు వర్గాన్నీ, గుంజ ఎత్తునూ బట్టి పెరుగుతుంది. గొంతు లోతు అంటే చక్రాలు తాకే చోటు నుంచి గుంజ మధ్య వరకు ఉన్న దూరం.

ఉదాహరణకు 100×100×6 మి.మీ. చదరపు గొట్టం తీసుకుందాం. గొంతు లోతు 600, చేతుల మధ్య ఎత్తు 700, నొక్కుడు 500 కిలోలు. నోరు తెరుచుకునేది దాదాపు 3 మి.మీ. ఇందులో రెండు చేతుల వాటా 1.1 మి.మీ. అయితే గుంజ ఒక్కదాని వాటా 1.9 మి.మీ. చాలామంది ఇది గమనించరు. చట్రం ఊగుతోందనగానే పై చేతికి పట్టీలు, అడ్డ కమ్మీలు వెల్డ్ చేస్తారు, అసలు దోషి వెనక నిలబడి ఉంటుంది.

అదే గొట్టంతో గొంతు 450 మి.మీ.కు తగ్గిస్తే తెరుపు 1.5 మి.మీ.కు, అంటే సగానికి పడిపోతుంది. 900 మి.మీ.కు పెంచితే దాదాపు 8 మి.మీ. అవుతుంది. ఎప్పుడో ఒకసారి కారు రూఫ్ చేయాల్సి వస్తుందేమోనని గొంతు లోతు పెంచుకుంటే, రోజూ చేసే మడ్‌గార్డు పని అంతా ఊగే చట్రం మీద నడుస్తుంది. బండి ట్యాంకులు, మడ్‌గార్డులు, ఫెండర్ ముక్కలు చేసేవారికి 500 మి.మీ. గొంతు సరిపోతుంది. 600 దాటాలంటే గొట్టం కూడా మారాలి. 150×150×6 గొట్టంతో 600 గొంతు చట్రం అదే 500 కిలోలకు 0.8 మి.మీ. మాత్రమే తెరుచుకుంటుంది. మీటరుకు బరువు 18 కిలోల నుంచి 27 కిలోలకు పెరుగుతుంది, బిగువు మాత్రం మూడున్నర రెట్లు.

చేతిలో 100 గొట్టం ఉంటే దారి లేకపోలేదు. గుంజ వెనక అదే గొట్టం ముక్కను ఇంకొకటి ఆనించి, రెండు పక్కలా 50 మి.మీ. వెల్డు, 50 మి.మీ. ఖాళీ చొప్పున పై నుంచి కింది దాకా కలిపితే గుంజ బిగువు అయిదు రెట్లు దాటుతుంది. మొత్తం తెరుపు 3 నుంచి 1.4 మి.మీ.కు దిగుతుంది. అక్కడక్కడ రెండు మూడు చోట్ల మాత్రమే అతికిస్తే ఈ లాభం రాదు. రెండు గొట్టాలూ ఒకదానిపై ఒకటి జారకుండా ఉంటేనే ఒక్క గొట్టంలా పనిచేస్తాయి.

చట్రం గురించి రెండు నమ్మకాలు బాగా తిరుగుతుంటాయి. గొట్టంలో ఇసుక పోస్తే గట్టిపడుతుందనేది ఒకటి. ఇసుకతో బరువు పెరుగుతుంది, మోత తగ్గుతుంది, వంపులో మార్పేమీ ఉండదు. కాంక్రీటు పోసినా, అది పగలకుండా గొట్టానికి పూర్తిగా అంటుకుని ఉన్నా, 100 గొట్టానికి పెరిగే బిగువు 20 శాతం మించదు. లాగుడు పడే వైపు కాంక్రీటు చీలుతుంది కాబట్టి నిజంగా దక్కేది ఇంకా తక్కువ. మంచి రకం స్టీలు వాడితే తక్కువ వంగుతుందనేది రెండోది. మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీలు) అయినా, ఖరీదైన అల్లాయ్ స్టీలు అయినా ఒకే బలానికి ఒకేలా వంగుతాయి. తేడా విరిగే బలంలో ఉంటుంది, ఈ యంత్రం ఆ దాకా వెళ్లదు. డబ్బు పెడితే గొట్టం కొలతకే పెట్టాలి.

పాత ఐ బీమ్, ఛానెల్ దొరికితే వాడవచ్చా అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. నిలువు వంపుకు అవి బాగానే నిలుస్తాయి. కానీ రేకును పక్కకు లాగినప్పుడు, నడుపుతూ మలుపు తిప్పినప్పుడు చేతుల మీద మెలి పడుతుంది. అన్ని వైపులా మూసి ఉన్న 100 గొట్టం, అదే ఎత్తు ఛానెల్ కంటే మెలిని వంద రెట్లకు పైగా తట్టుకుంటుంది. ఛానెల్ తప్పనిసరైతే రెండింటిని ముఖాముఖి పెట్టి పొడవునా వెల్డ్ చేసి పెట్టెలా మూయాలి.

మూలల వెల్డింగ్ గురించి ఒక్క మాట. నొక్కుడు పడ్డప్పుడు లాగుడు పడేది సి లోపలి మూలల్లో, చీలిక మొదలయ్యేది కూడా అక్కడే. గొట్టాల అంచులు 30 డిగ్రీల వాలుగా గ్రైండ్ చేసి, 3 మి.మీ. సందు వదిలి, 7018 రాడ్డు 3.15 మి.మీ.ది 110 నుంచి 130 ఆంపియర్ల దగ్గర నడిపితే వేరు దాకా కరుగుతుంది. ఈ రాడ్డు తేమ పీలుస్తుంది, వానకాలంలో విప్పి ఉంచిన ప్యాకెట్ నుంచి నేరుగా తీసి వాడితే వెల్డులో బుడగలు వస్తాయి. లోపలి మూలల్లో 10 మి.మీ. ప్లేటుతో త్రికోణం ముక్కలు పెట్టడం మంచిది. అవి గొంతులోకి 80, 100 మి.మీ. కంటే ఎక్కువ చొచ్చుకు రాకూడదు, లేకపోతే కష్టపడి తెచ్చుకున్న గొంతు లోతును అవే తినేస్తాయి.

చక్రాలు: డబ్బు పెట్టాల్సిన చోటు

పై చక్రం సాధారణంగా 200 మి.మీ. వ్యాసం, 75 మి.మీ. వెడల్పు. కింది చక్రాలు 75 మి.మీ. వ్యాసం, 75 మి.మీ. వెడల్పు. 200 మి.మీ. గుండు కమ్మీ నుంచి కోసిన ముక్క 18.5 కిలోలు తూగుతుంది. వేర్వేరు వంపులతో ఉండే కింది ఏడు చక్రాల బరువు కలిపినా అంతే. ఏడూ ఒకేసారి చేయించాల్సిన పని లేదు. దాదాపు చదునుగా ఉండే 600 మి.మీ. గుబ్బ వ్యాసార్ధం ఒకటి, 200 ఒకటి, 100 ఒకటి ఉంటే మొదటి ఏడాది పని గడిచిపోతుంది. గుబ్బ వ్యాసార్ధం అంటే చక్రం వ్యాసార్ధం కాదు, చక్రం ముఖం మీది వంపు ఏ వృత్తంలో భాగమో ఆ వృత్తానిది.

లేత్ మీద ఈ వంపు తీయడమే టర్నర్లకు చికాకు పుట్టించే పని. బాలానగర్‌లోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా వ్యాసార్ధం తిప్పే అటాచ్‌మెంట్ ఉన్న లేత్ దొరకడం అరుదు. అది లేకుండా చేయాలంటే టర్నర్‌కు గీసిన బొమ్మ కంటే అంకెలు ఇవ్వడం మేలు. 200 మి.మీ. గుబ్బకు ముఖం నడిమి నుంచి 10 మి.మీ. దూరంలో 0.25, 20 దగ్గర 1.00, 30 దగ్గర 2.26, అంచున 37.5 దగ్గర 3.55 మి.మీ. దిగాలి. మధ్య దూరాలకు కూడా ఇలాగే లెక్కకట్టి, మిల్లీమీటరుకో మెట్టు చొప్పున తీయించి, ఆ మెట్లను ఆకురాయితో కలిపి, ఎమరీ పేపరుతో నునుపు చేస్తారు. 1 మి.మీ. రేకులో అదే వంపు కోసి గేజ్‌గా ఆనించి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఎక్కడ సందు మిగిలిందో కనిపిస్తుంది. 100 గుబ్బకు అంచు దిగుడు 7.3, 75 గుబ్బకు 10, 50 గుబ్బకు 16.9 మి.మీ.

ఆ చివరి అంకె దగ్గర ఆగాలి. 75 మి.మీ. చక్రం రెండు వైపులా 16.9 చొప్పున దిగితే అంచు దగ్గర వ్యాసం 41 మి.మీ. మాత్రమే మిగులుతుంది. కింది చక్రాలకు ఎక్కువగా వాడే 6204 బేరింగ్ బయటి వ్యాసం 47. బేరింగ్ కూర్చోవడానికి గోడే ఉండదు. బేరింగులు, ఇరుసు కొని తెచ్చాక ఈ విషయం బయటపడటం మామూలే. 50 గుబ్బ కావాలంటే ఆ ఒక్క చక్రాన్ని 50 మి.మీ. వెడల్పుతో చేయించి, మిగిలిన సందుకు వాషర్లు వేయాలి. అప్పుడు అంచు వ్యాసం 61 మి.మీ. ఉంటుంది.

బేరింగ్ బిగింపులో మోటార్లకు అలవాటైన చేతులు తప్పు చేస్తాయి. మోటారులో ఇరుసు తిరుగుతుంది కాబట్టి లోపలి రింగు ఇరుసు మీద బిగువుగా ఎక్కుతుంది. ఇక్కడ ఇరుసు కదలదు, చక్రమే తిరుగుతుంది. అందువల్ల బయటి రింగు చక్రంలో బిగువుగా కూర్చోవాలి, ఇరుసు చేతితో తోస్తే జారాలి. బయటి రింగు వదులుగా ఉంటే అది చక్రంలో మెల్లగా తిరుగుతూ, కొన్ని గంటల్లో రంధ్రాన్ని ఇంకా అరగదీస్తుంది. పంచ్‌తో రంధ్రం అంచున గాట్లు పెట్టి బిగించే పాత చిట్కా ఈ యంత్రానికి పనికిరాదు. నాలుగు గాట్ల మీద నిలిచిన బేరింగ్ నడిమిలో ఉండదు. బలం సంగతికి వస్తే భయం లేదు. ఒక్కో 6204 కదలకుండా మోయగలిగేది 650 కిలోల పైనే, చక్రానికి రెండు ఉంటాయి. పై చక్రానికి 25 మి.మీ. ఇరుసు మీద 6205 జత వాడవచ్చు.

గుండ్రంగా ఉండటానికి ఒకే ఒక పద్ధతి నమ్మదగింది. ముందు చక్రాన్ని లేత్ మీద కొంచెం పెద్ద కొలతకు తిప్పి, రెండు బేరింగ్ రంధ్రాలూ ఒకే బిగింపులో బోరు చేయాలి. ముక్కను తిప్పి రెండో వైపు నుంచి బోరు చేస్తే రెండు నడుములూ కలవవు. తర్వాత ఆ రంధ్రాలనే ఆధారం చేసుకుని మాండ్రెల్ (రంధ్రంలో బిగుసుకునే కమ్మీ) మీద ఎక్కించి బయటి ముఖం చివరి కోత తీయాలి. ముందు బయటి ముఖం నునుపు చేసి, తర్వాత రంధ్రం తొలిస్తే ఎంత మంచి లేత్ అయినా కొద్దిగా ఊగే చక్రమే వస్తుంది. యంత్రం మీద బిగించాక డయల్ గేజ్ ఆనించి తిప్పితే సూది కదలిక పై చక్రానికి 0.05, కింది చక్రానికి 0.03 మి.మీ. దాటకూడదు.

ఈ కొలతలు మరీ సన్నగా అనిపిస్తే పాత లెక్కకు ముడిపెట్టి చూడాలి. 150 గొట్టం చట్రం 500 కిలోలకు 0.8 మి.మీ. తెరుచుకుంటుంది. అంటే చక్రం 0.05 మి.మీ. ఊగినా ఒక్కో చుట్టులో నొక్కుడు 30 కిలోలు మారుతుంది. 0.2 మి.మీ. ఊగితే 120 కిలోలు, దాదాపు నాలుగో వంతు. రేకు మీద ప్రతి చుట్టుకూ ఒక గుబ్బ, ఒక పల్లం పడతాయి. అదే 0.2 మి.మీ. లోపాన్ని 3 మి.మీ. తెరుచుకునే మెత్తటి చట్రం మీద పెడితే మార్పు 33 కిలోలే. మెత్తటి చట్రం స్ప్రింగులా చక్రం లోపాన్ని మింగేస్తుంది. రేకు మీద అలలు వస్తున్నాయని చట్రానికి పట్టీలు బిగిస్తే అలలు ఇంకా లోతవడానికి కారణం ఇదే. చట్రం గట్టిపడేకొద్దీ చక్రం అంత గుండ్రంగా ఉండాలి. డబ్బు పరిమితంగా ఉంటే మొదటి ఖర్చు చక్రాలకే, మిగిలినది చట్రానికి. చట్రానికి పట్టీ తర్వాతైనా వేయవచ్చు, ఊగే చక్రాన్ని మళ్లీ చేయించడమే దారి.

అలాగని మెత్తటి చట్రమే మేలని కాదు. దాని దోషం రేకు అంచు దగ్గర బయటపడుతుంది. అంచు జారి బయటికి రాగానే దాచుకున్న 3 మి.మీ.లో రేకు మందం మేర ఒక్కసారిగా విడుదలై చక్రాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. నునుపు ముఖాల మీద సన్నటి గాటు పడుతుంది, తర్వాతి రేకు మీద అదే అచ్చు పడుతుంది.

లోహం విషయంలో ఇఎన్ 8 (మధ్యస్థ కార్బన్ ఉక్కు) మామూలు పనికి చాలు. అల్యూమినియం మాత్రమే నడిపేవారికి గట్టిపరచకపోయినా ఇది ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఉక్కు రేకులు, వెల్డు అతుకులు ఉన్న రేకులు నడిపేవారు కింది చక్రాలకు ఇఎన్ 31 (బేరింగులు చేసే ఉక్కు) తీసుకుని హీట్ ట్రీట్‌మెంట్ చేయిస్తే మేలు. గట్టిపరిస్తే చక్రం కొద్దిగా వంకరపోతుంది కాబట్టి ముందే 0.4 మి.మీ. అదనంగా ఉంచి, తర్వాత గ్రైండింగ్ చేయించాలి. గట్టిపడ్డ చక్రాన్ని మామూలు లేత్ పనిముట్టు కోయలేదు. మెత్తటి ఎంఎస్ చక్రం మీద ఒక్క వెల్డు అతుకు నడిచినా చార పడుతుంది. సామాన్ల ట్రాలీ చక్రాలతో పని కానిద్దామనుకోవడం వృథా. వాటి బేరింగులకు ఉండే ఆట (వదులు) మిల్లీమీటర్లలో ఉంటుంది.

చక్రాల ముఖాన్ని 400 నుంచి 1000 నంబరు దాకా ఎమరీతో నునుపు చేయాలి. పై చక్రం అంచుల్ని 3 మి.మీ. గుండ్రం చేయకపోతే వంపు తిరిగిన రేకు మీద ఆ అంచు గీత గీస్తుంది. తర్వాత ఎప్పుడైనా రేకు మీద మచ్చ పదేపదే కనబడితే స్కేలు పెట్టి దూరం కొలవడమే పరీక్ష. 628 మి.మీ.కు ఒకసారి వస్తే దోషం పై చక్రంలో, 236 మి.మీ.కు ఒకసారి వస్తే కింది చక్రంలో. ఏ లెక్కకూ అందకుండా ఎక్కడపడితే అక్కడ వస్తే అది దుమ్ము, గ్రైండింగ్ రజను.

సర్దుబాటు మర, కాలి చక్రం

కింది చక్రాన్ని పైకి లేపే మరకు ఎం 24 బోల్టు గానీ పాత స్క్రూ జాక్ గానీ సరిపోతుంది. ఎం 24 ఒక చుట్టుకు 3 మి.మీ. లేస్తుంది. మర అడుగున 250 మి.మీ. చక్రం బిగిస్తే కాలితో తన్ని తిప్పవచ్చు, రెండు చేతులూ రేకు మీదే ఉంటాయి. పన్నెండో వంతు చుట్టుకు పావు మిల్లీమీటరు. అందులో కొంత చట్రం వంపులోకి పోతుంది కాబట్టి చేతికి తగిలే మార్పు చాలా మృదువుగా ఉంటుంది. మర పైకొసన 51105 థ్రస్ట్ బేరింగ్ పెడితే నొక్కుడులో కూడా తేలిగ్గా తిరుగుతుంది. అది లేకుండా ఇనుము మీద ఇనుము రుద్దుకుంటే మర తిరుగుతూ చక్రాన్ని పట్టి ఉంచే పట్టీని కూడా తనతో మెలితిప్పుతుంది.

పైకీ కిందికీ జారే భాగానికి 60×60×4 గొట్టంలో 50×50 గొట్టం వాడటం సులువు. లోపలి కొలత 52, అంటే 2 మి.మీ. ఆట. లోపల వెల్డు కుట్టు ఉబ్బి ఉంటే ముందు ఆకురాయితో తీసేయాలి. మిగిలే ఆటను బయటి గొట్టానికి పై వరసలో నాలుగు, కింది వరసలో నాలుగు ఎం 10 బోల్టులు పెట్టి, వాటి కొసన ఇత్తడి ముక్కలు ఆనించి చంపాలి. ఈ ఎనిమిది బోల్టులు తర్వాత చక్రాన్ని సరైన దిశలో నిలపడానికి కూడా పనికొస్తాయి.

కామ్ (ఒక పక్క ఉబ్బిన బిళ్ల) మీట ఉంటే మర కదపకుండానే కింది చక్రం 10, 12 మి.మీ. దిగుతుంది. చాలామంది దీన్ని తర్వాత చూద్దామని వదిలేస్తారు. అంచు మడిచిన రేకును లోపలికి పెట్టాల్సి వచ్చిన ప్రతిసారీ మర విప్పి, మళ్లీ పాత నొక్కుడు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఈ మీట మొదట్లోనే పెట్టుకోవడం మంచిది.

రెండు చక్రాలను వరసలో పెట్టడం

పై చక్రం పట్టీని చట్రానికి నేరుగా వెల్డ్ చేయకూడదు. వెల్డు చల్లారుతూ ఒక వైపుకు లాగుతుంది, ఆ లాగుడు ఎంతో ముందే చెప్పలేం. 12 మి.మీ. ప్లేటు మీద పట్టీని నిలబెట్టి, ఆ ప్లేటును నాలుగు బోల్టులతో బిగించి, వెనక షిమ్‌లు (పలచటి రేకు ముక్కలు) పెట్టే వీలు ఉంచాలి.

సరి చూడాల్సినవి మూడు. రెండు చక్రాల నడుములు ఒకే గీతలో ఉండటం, ఇరుసులు ఎదురుగా చూసినప్పుడు సమాంతరంగా ఉండటం, పై నుంచి చూసినప్పుడు ఒకే దిశగా ఉండటం. మొదటి రెంటినీ కార్బన్ కాగితం తేలుస్తుంది. దాదాపు చదునైన 600 చక్రం పెట్టి, తెల్ల కాగితం, కార్బన్ కలిపి చక్రాల మధ్య కొద్దిగా నొక్కి తీస్తే పడే అచ్చు నడిమిలో, రెండు వైపులా సమానంగా ఉండాలి. ఒక వైపు ముదురుగా, ఒక వైపు మాయంగా ఉంటే పట్టీ వాలి ఉంది. షిమ్ అచ్చు మాయమైన వైపు పెట్టాలి.

మూడోదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, కంటికి కనిపించదు. కింది ఇరుసు పై నుంచి చూస్తే ఒక్క డిగ్రీ తిరిగి ఉన్నా, 300 మి.మీ. నడకలో రెండు చక్రాలూ రేకును 5 మి.మీ. తేడాతో వేర్వేరు దారుల్లోకి లాగుతాయి. రేకు ఏదో ఒక వైపుకు నడుస్తుంది, ఆ పోరు అంతా రేకు మీద రాపిడిగా మిగులుతుంది. 50 మి.మీ. వెడల్పు అల్యూమినియం పట్టీ మీద నిలువు గీత గీసి, చేతులు తేలిగ్గా ఆనించి నడిపితే గీత ఎటు పోతోందో తెలుస్తుంది. ఇత్తడి ముక్కల బోల్టులతో కింది పట్టీని తిప్పి గీత నిటారుగా నడిచేదాకా సర్దాలి. ఈ పని ఒక పూట తీసుకున్నా తొందరపడకూడదు.

యంత్రం మొత్తం 120, 130 కిలోల దాకా వస్తుంది. నాలుగు కాళ్లు పెడితే మామూలు గచ్చు మీద ఒక కాలు గాల్లో ఉంటుంది. మూడు కాళ్లయితే ఏ నేల మీదైనా నిలుస్తుంది. ముందు కాలు గొంతు కిందుగా, కింది చక్రం దాటి ముందుకు రావాలి. రేకును ముందుకు లాగినప్పుడు యంత్రం ఒరగకుండా ఆపేది అదే.

రేకు ఎంపిక, మొదటి నడక

ఉక్కులో సీఆర్ (చల్లగా రోల్ చేసిన) రేకు 0.9 మి.మీ. నేర్చుకోవడానికి అనువైనది. 1.2 మి.మీ. దాకా ఈ కొలతల యంత్రం సౌకర్యంగా నడుపుతుంది. డీప్ డ్రాయింగ్ రకం సీఆర్ దొరికితే సాగుదల ఇంకా బాగుంటుంది. హెచ్‌ఆర్ (వేడిగా రోల్ చేసిన) రేకు మీది నల్లటి పొలుసు ఊడి చక్రానికి అంటుకుని నొక్కులు వేస్తుంది. జీఐ (జింకు పూత పూసిన) రేకు మీది జింకు కూడా రాలి అంటుకుంటుంది, దానిమీద వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ వేరే బెడద. అల్యూమినియంలో 1100, 3003 రకాలు 1.2 నుంచి 1.6 మి.మీ. వరకు హాయిగా సాగుతాయి. 6061 గట్టి రకం ఈ పనికి కాదు, సాగేలోపే చీలుతుంది.

అల్యూమినియం నడిచేకొద్దీ గట్టిపడుతుంది. మళ్లీ మెత్తబరచడానికి బట్టల సబ్బుతో గీతలు గీసి, వెనక నుంచి మంటను ఒకచోట నిలపకుండా తిప్పుతూ వేడి చేయాలి. గీతలు ముదురు గోధుమ రంగుకు రాగానే మంట తీసేయాలి. అల్యూమినియం ఎర్రబడదు, రంగు మారకుండానే కరిగి కిందకు జారుతుంది. సబ్బు గీత తప్ప కంటికి వేరే గుర్తు లేదు.

రేకు అంచుల్లో కోతకు లేచిన గరుకు (బర్) ఆకురాయితో తీసి, రెండు వైపులా గుడ్డతో తుడిచాకే చక్రాల మధ్యకు పెట్టాలి. నొక్కుడు రేకు జారకుండా పట్టుకునేంత చాలు. డబ్ల్యూ అక్షరంలా ఒక నడకకు పక్కనే, 10 మి.మీ. దూరంలో ఇంకో నడక నడుపుతూ రేకు అంతా కప్పాలి. తర్వాత రేకును 90 డిగ్రీలు తిప్పి మళ్లీ అదే. ఒకే దిక్కులో నడిపితే రేకు గొట్టంలా చుట్టుకుంటుందే తప్ప గిన్నెలా పొంగదు. రెండు దిక్కులా ఒక విడత అయ్యాకే మర కొద్దిగా బిగించాలి.

నడకల అంచుల్లో చాళ్లు పడితే నొక్కుడు ఎక్కువైంది, లేదా చక్రం గుబ్బ ఈ వంపుకు ఎక్కువ. 100 తీసి 200 పెట్టి, తక్కువ నొక్కుడుతో నడిపితే చాళ్లు కలిసిపోతాయి. రేకు అంచులు పావడా కుచ్చిళ్లలా అలలు తిరిగితే అంచు నడిమి కంటే ఎక్కువ సాగిందని అర్థం. చక్రం అంచు దాటి బయటికి నడవడమే కారణం, అంచుకు 15 మి.మీ. ముందే వెనక్కు తిప్పాలి. అలలు అప్పటికే వచ్చేస్తే నడిమిని ఇంకా సాగదీయాలి, లేదా అంచును కుంచించాలి.

కుంచించడం ఈ యంత్రం చేయలేని పని. ఇంగ్లిష్ వీల్ సాగదీస్తుంది, అంతే. ట్యాంకు కొసల్లాంటి లోతైన ఆకారాలకు ముందు ఇసుక సంచి మీద కొయ్య సుత్తితో లోతు తెచ్చి, అంచున ముడతలు వేసి వాటిని లోపలికి కొట్టి కుంచించి, ఆ తర్వాత చక్రం కిందకు తేవాలి. అప్పుడు చక్రం చేసేది సుత్తి సొట్టల్ని సాపు చేయడం. చదును రేకు నుంచి లోతైన గిన్నెను చక్రం ఒక్కదానితోనే లాగాలని చూసేవారు గంటల తరబడి నడిపి, చివరికి నడిమిలో పలచబడి చీలిన రేకుతో మిగులుతారు.

వేళ్ల సంగతి మరవకూడదు. మోటారు లేకపోయినా రెండు చక్రాల మధ్య చిక్కిన వేలిని వెనక్కు తీయడానికి ముందు మర వదలాలి. రేకును అంచుల దగ్గర అరచేతులతో పట్టుకోవాలి, బొటనవేలు పైకి వేసి కాదు. పై చక్రం మార్చేటప్పుడు కింద చెక్క దిమ్మె పెట్టుకోకపోతే ఆ 18 కిలోలు నునుపు చేసిన కింది చక్రం మీదే పడతాయి.

పని అయ్యాక మర వదులు చేసి పెట్టాలి.  చక్రాలను నూనె గుడ్డతో తుడిచి, ఒకదానికొకటి తగలకుండా చెక్క పెట్టెలో గుంటలు చేసి నిలపాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో నూనె లేని చక్రం మీద తెల్లారేసరికి తుప్పు చుక్కలు కనిపిస్తాయి. అక్కడ గుడ్డ నూనెకు బదులు పలచగా గ్రీజు పూసి, మర్నాడు రేకు పెట్టే ముందు కిరోసిన్‌తో తుడిచేయాలి.